జింకల సాలు

డెబ్బైల చివర్లో ఒకసారి, ఎమ్మిగనూరు బస్సుకు ఇంకా సమయముందని, ఆదోని శివార్లలో కృష్ణజింకలను పెంచే చిన్న పార్కులోకి వెళ్లాను. ఒక రైతు ముసలమ్మ కంచెలోంచి జింకలకు పచ్చి కొర్రకంకులు అందిస్తోంది.

"చేను అంచున ఒక సాలు జింకలకని ఇడుస్తామప్పా, కొయ్యం. ఇప్పుడు ఆడికి ఒక్కటీ రాదు. అందుకే నేనే తెచ్చినా."

"పోనీలేమ్మా, ఇక్కడైనా పిల్లలు పెడుతున్నాయి" అన్నాను.

ఒక జింకపిల్ల వచ్చి కంకిని వాసన చూసింది. ముట్టకుండా తవుడు తొట్టి దగ్గరికే పోయింది.

"ఈడ పుట్టిండేటివి, చేను రుచి ఎట్ల తెలుస్తాది?" అంటూ ఆమె కంకులు కొంగున కట్టుకుంది. "వచ్చే ఏడు ఆ సాలు ఇడిసేదా, వద్దా? నువ్వే సెప్పప్పా."

బస్సు వేళైందని బయల్దేరాను. తర్వాత ఆ దారిన ఎప్పుడు పోయినా బస్సులోంచి చేల అంచులే చూశాను. అన్నీ చివరి సాలుదాకా కోసేసి ఉండేవి.