నీలం ఎక్కిన చీర

సూరత్‌లో మా తెలుగువాళ్ల గల్లీలో చీరలకు డిజైన్లు గీసే అక్క ఒకామె ఉండేది. ఎవరే కొలత చెప్పినా అరచేయి తన ఒంటికి ఆనించి, "ఏడిదాక?" అని అడిగేది.

కరోనా రోజుల్లో మా బడిపిల్లలకు ఒక శాస్త్రవేత్త ఫోన్లో పాఠం చెప్పాడు. వానల తీరు మారిందనీ, తాపీ నది వరద పాత ఎత్తును మించవచ్చనీ మీటర్లలో వివరించాడు. టీచరునైన నాకే ఊహకు అందలేదు.

"మా గల్లీల ఏడిదాక సార్?" అంది, తన పిల్లాడితో పాటు ఫోన్లో వింటున్న అక్క.

మర్నాడు మేడ మీంచి తెల్లచీర వేలాడదీశాం. అక్క కింది నుంచి నీలం పూస్తూ నిచ్చెనెక్కింది. వీడియో కాల్‌లో ఆయన "ఇంకా పైకి" అంటూనే ఉన్నాడు. నీలం నడుము ఎత్తు దాటింది, గుమ్మం ఎత్తూ దాటింది. అక్క ఆగదేం! మాస్కులతో జనమంతా బయటికొచ్చారు.

"గింతెత్తా బిడ్డా!" అని కింది ఇంటి అవ్వ నోరు తెరిచింది.

ఒకరి గడప ఒకరు తొక్కని రోజులవి. అయినా మేడ మీదామె కేకేసింది: "అవ్వా, వానలు పడంగనే మా ఇంట్లకు వచ్చెయ్!"

అక్క నిచ్చెన మీదే ఎగిరినంత పనిచేసి, ఫోన్ వైపు అరిచింది:

"సార్, మీ పాఠం మేడ మీదిదాక పోయింది!"