పదిహేడో నంబరు బిళ్ళ

నేను ఒకసారి ఒక మనిషిని చంపేశాను. కంగారుపడకండి, శవం దొరకలేదు. దొరక్కపోవడమే ఆ రోజు అసలు గొడవ. ఫ్యాక్టరీ మొత్తం ఆగిపోయింది, సైరన్ మోగింది, ఎవరో కర్పూరం కోసం క్యాంటీన్‌కి పరిగెత్తారు కూడా. ఇంత ఘనకార్యం చేసిన నా ఉద్యోగం ఏమిటనుకున్నారు? కార్మికుల భద్రత చూడటం.

తొంభైల చివరి మాట. కదిరి నుంచి వచ్చి, బెంగళూరు పక్కన హెబ్బగోడి దగ్గర ఒక సబ్బుల ఫ్యాక్టరీలో సేఫ్టీ అసిస్టెంట్‌గా చేరి రెండు నెలలైంది. తెల్ల హెల్మెట్ ఇచ్చారు. దాన్ని పెట్టుకుని అద్దంలో చూసుకున్న రోజు నుంచి నా మెడ మామూలుగా వంగడం మానేసింది.

ఆ రోజు నూనె ట్యాంకు కడగాలి. నేలలో సగం పాతిన పెద్ద ఇనుప ట్యాంకు అది. పైన మనిషి దూరేంత గుండ్రటి ద్వారం, లోపలికి నిచ్చెన. మూసి ఉంచిన ఇలాంటి ట్యాంకులో తుప్పే ప్రాణవాయువును తినేస్తుంది. దిగినవాడికి వాసన రాదు, దగ్గు రాదు. ఊరికే మోకాళ్ళు సడలి కూలబడతాడు, అంతే. అందుకని బ్లోయర్‌తో లోపలికి గాలి కొడుతూనే ఉండాలి, దిగే ముందు ప్రతిసారీ, ప్రాణవాయువు తగ్గితే మోగే మీటరును తాడుతో దింపి చూడాలి.

ఇంకో పద్ధతి కూడా ఉంది. ద్వారం పక్కన మేకులు కొట్టిన చెక్క ఉంటుంది. దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను మేకుకు తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. చెక్క మీద బిళ్ళ ఉందంటే లోపల మనిషి ఉన్నాడని లెక్క. బ్లోయర్ ఆపే ముందు చెక్క చూసి తీరాలి.

ఇదంతా పొద్దున్నే అరగంట ఉపన్యాసంగా చెప్పాను. విన్నవాళ్ళు ముగ్గురు. అందులో ఓబులప్ప నేను పుట్టకముందే బెంగళూరు వచ్చి ట్యాంకుల్లో దిగిన మనిషి. నేను చెప్పడంతో ఆగానా? మీటరు పెట్టి, అన్నీ చేసి చూపించి, నేనే ముందు దిగి చుట్టూ పరిశీలించి పైకొచ్చాను. తర్వాత వాళ్ళు ముగ్గురూ దిగారు.

మధ్యాహ్నం ముగ్గురూ పైకొచ్చారు. నా కళ్ళతో చూశాను, మూడు తలకాయలు. ఆ ధీమాతో బ్లోయర్ ఆపేసి, ద్వారానికి అడ్డం కట్టి, చిత్రాన్నం తినడానికి పోయాను. చెక్క వైపు చూడలేదు.

తిరిగొచ్చేసరికి ఆకాశం నల్లబడి తుంపర మొదలైంది. ఫ్యాక్టరీ అంతా భోజనాల దగ్గర ఉంది, ఎక్కడా చప్పుడు లేదు. ఓబులప్ప చెక్క ముందు నిలబడి ఉన్నాడు, కదలడం లేదు. దగ్గరికెళ్ళి చూశాను. చెక్క మీద ఒక బిళ్ళ ఉంది. పదిహేడు.

"ఎవరిదిది?" అన్నాను.

"పదిహేడు నారాయణప్పది సారూ," అన్నాడు మెల్లగా.

"ఎక్కడున్నాడు నారాయణప్ప?"

"పోయినేడు కామెర్లొచ్చి సచ్చిపొయినాడు కదప్పా."

టార్చి లోపలికి కొట్టాను. వెలుగు కొంతదూరం పోయి ఆగిపోయింది. పేరు తెలియని మనిషిని ఏమని పిలవాలి? "ఎవరప్పా లోపల?" అన్నాను. నా గొంతే నాకంటే ముసలిదై, నిదానంగా కింది నుంచి తిరిగొచ్చింది. స్పానరు తీసుకుని ఇనుప రేకు మీద మూడుసార్లు కొట్టాను.

కాసేపు ఏమీ లేదు. తర్వాత లోపలి నుంచి టక్. ఇంకాసేపటికి మళ్ళీ టక్.

నేను గాలి ఆపేసి గంట దాటింది. లోపల ఎవరో చీకట్లో, ఊపిరందక, చివరి ఓపికతో రేకు కొడుతున్నారు. ఇంకేమీ ఆలోచించలేదు. పొద్దుటి ఉపన్యాసంలో ఒక్క ముక్క గుర్తుంటే ఒట్టు. అడ్డం లాగేసి ఒక కాలు ద్వారంలో పెట్టాను. రెండో కాలు లేచేలోపు ఓబులప్ప వెనక నుంచి నా బెల్టు పట్టుకున్నాడు.

"ఇప్పుడు లోపల ఉండేది ఒకడు," అన్నాడు. "నువ్వు దిగితే ఇద్దరు. ఆగు."

బ్లోయర్ వేశాడు, సైరన్ నొక్కమని కేక పెట్టాడు, తాడు కట్టి మీటరు దింపాడు. మీటరు సగం దూరం కూడా పోలేదు, పసిపిల్లలా గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక ద్వారంలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాను.

మేనేజరు వచ్చాడు. గాలి సిలిండరు వీపున కట్టుకున్న ఒకతన్ని తాడుతో లోపలికి దించారు. మిగతా అందరినీ గేటు దగ్గర నిలబెట్టి పేర్లు పిలిచారు. దిగినతను పైకొచ్చి, లోపల బకెట్టు తప్ప ఏమీ లేదన్నాడు. గేటు దగ్గర నుంచి కబురొచ్చింది, ఒక్కరు కూడా తగ్గలేదని. మనుషులందరూ బయటే ఉన్నారు. బిళ్ళ మాత్రం లోపల ఒకడున్నాడంటోంది. జనంలో గుసగుస మొదలైంది. నారాయణప్పకు ఆ ట్యాంకంటే ఇష్టమట. కర్పూరానికి మనిషి పోయింది అప్పుడే.

అంతలో స్టోర్స్ చూసే మస్తాన్ గొడుగేసుకుని, చంకలో రిజిస్టరుతో నింపాదిగా వచ్చాడు. విషయం విని, నా వైపు జాలిగా చూశాడు.

"పదిహేడు మీకే కదా సార్ పొద్దున ఇస్తి. మీ పాతది పోగొట్టుకుంటిరి కదా. మీరు నంబరు కూడా చూడకుండా జేబులో వేసుకుంటిరి."

అప్పుడు గుర్తొచ్చింది. బిళ్ళ ఎలా తగిలించాలో చూపించడానికి తగిలించాను. దిగాను. పైకొచ్చాను. తీసుకోలేదు.

లోపల చచ్చినవాణ్ణి నేనేనన్నమాట.

ఎవరూ నవ్వలేదు, అదే ఘోరం. మేనేజరు వాన వైపు చూస్తూ, పొద్దుట ఎండకు కాగిన రేకు తుంపరకు చల్లారితే అలాగే టక్కుమంటుందన్నాడు. నేను మూడుసార్లు కొట్టాకే ఎందుకు పలికిందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఓబులప్ప మేకు నుంచి బిళ్ళ తీసి, తుండుగుడ్డతో తుడిచి, నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

"ఇప్పుడొచ్చినావప్పా బయటికి," అన్నాడు. అప్పుడు నవ్వారు. హెబ్బగోడి మొత్తానికి వినిపించేలా నవ్వారు. నేనూ నవ్వాను, కానీ మూసిన పిడికిలి తెరవలేదు. ఆయన బెల్టు పట్టుకోకపోతే ఆ బిళ్ళ చెప్పింది అక్షరాలా నిజమయ్యేది.

కనుక ఆ తెల్ల హెల్మెట్ మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. నన్ను నేను వెతుక్కుంటూ ఇంకెప్పుడూ ఏ ట్యాంకులోనూ దిగను. ఇన్నేళ్ళలో మాట తప్పలేదు. కాకపోతే చిన్న అలవాటొకటి మిగిలింది. ఏ గది నుంచి బయటికొచ్చినా, చివరికి మా ఇంటి స్నానాలగదైనా సరే, తలుపు వేసే ముందు ఒకసారి లోపలికి తొంగి చూస్తాను. నేనింకా అక్కడే ఉన్నానేమోనని.