కట్టినోడు చూడొద్దు

మా మేనమామ గురువారం తెల్లవారుజామున నాలుగు దాటాక నిజామాబాద్‌లో ఒక దవాఖానలో చనిపోయాడు. గుండెపోటు అని డాక్టరు చెప్పాడు. ముందు రోజు మధ్యాహ్నం ఛాతీలో మంటగా ఉందని, మందు తెచ్చుకుంటానని మా అత్తతో చెప్పి, బాన్సువాడ నుంచి తన మోటారు సైకిల్ తనే నడుపుకుంటూ వెళ్లాడు. దవాఖాన ముందు స్టాండులో బండి పెట్టి, తాళం స్టాండు వాళ్లకే ఇచ్చి, టోకెను తీసుకుని, నడిచే లోపలికి వెళ్లాడు. మనిషిని అదే రోజు ఇంటికి తెచ్చాం. సాయంత్రం దహనం అయింది. మామకు పిల్లలు లేరు, తలకొరివి నేను పెట్టాను. బండి ఇంకా నిజామాబాద్‌లోనే ఉంది.

తొంభైల నడిమి నుంచి ఒక పదేళ్లపాటు బాన్సువాడ, బీర్కూర్, బిచ్కుంద, జుక్కల్ వైపు కొత్త మోటారు సైకిల్ కొన్నవాళ్లలో చాలామందికి మామ తెలుసు. నిజామాబాద్ షోరూముల్లో కొన్న బండ్లను పాత జీపు వెనక ట్రాలీ తగిలించి ఊళ్లకు చేర్చడం అతని పని. అంతకుముందు లారీ నడిపేవాడు. మొదట్లో అతని ట్రాలీకి పైకప్పు లేదు. ఒకరోజు వర్ని దాటాక ఎదురొచ్చిన చెరకు లారీ నుంచి బయటికి వేలాడుతున్న గడలు ఒక కొత్త బండి టాంకును ఈ చివరి నుంచి ఆ చివరి దాకా గీరేశాయి. బీర్కూర్‌లో ఆ బండి కొన్నతను పసుపు కుంకుమ పళ్లెంతో వచ్చిన భార్యను లోపలికి పంపేశాడు.

"గీతలు వడ్డ బండికి పూజేంది? వాపస్ తీస్కపో" అన్నాడు.

మామ బండిని వాపసు తెచ్చాడు. ఆ వారమే ట్రాలీని పైనా నాలుగు వైపులా మూసేసి డబ్బాలా చేయాలని నిర్ణయించుకున్నాడు.

ఆ పనికి ఒక వెల్డరును పిలిచాడు. మహారాష్ట్రలోని దెగ్లూర్ వైపు నుంచి వచ్చి బాన్సువాడ బస్టాండు పక్కన కొత్తగా దుకాణం పెట్టిన మనిషి. నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు. డబ్బా పూర్తయ్యేలోగా మామ అతన్ని 'అల్లుడా' అని పిలవడం మొదలుపెట్టాడు. మామకు ఒక్కతే అక్క, ఆమెకు నేను ఒక్కడినే కొడుకును. వరస ప్రకారం ఆ పిలుపు నాది. నన్ను మాత్రం 'పేపరాయన' అనేవాడు. అప్పటికే నేను బాన్సువాడ విలేకరిని. జరిగింది జరిగినట్టు రాయడం నా పని కాబట్టి రాస్తున్నాను: ఆ వెల్డరు మీద నాకు అసూయ కలిగింది. ఇప్పటికీ ఉంది.

డబ్బా గురించి అప్పుడే పేపర్లో రాస్తానంటే మామ ఒప్పుకోలేదు.

"వద్దు పేపరాయనా. నువ్వు రాస్తే బోధన్ల బండ్లు మోసేటోళ్లు సదివి గిట్లనే చేస్కుంటరు."

లోపల ఫోటో కూడా తీయనివ్వలేదు. ఇప్పుడు ఎక్కడికక్కడ షోరూములు వచ్చాయి, బోధన్ వాళ్లు చదివినా నష్టం లేదు. లోపల ఇలా ఉండేది. ఇనుప రేకు మీద టైరు జారుతుందని కింద చెక్క పలకలు పరిపించి, వాటి మీద పాత లారీ టైరు ముక్కలు కొట్టించాడు. ముందు గోడకు నాలుగు ఇనుప గూళ్లు ఉండేవి. బండి ముందు చక్రం గూట్లోకి దూరితే పక్కకు తిరగదు. కట్లు వేసే కడియాలను పలకకు కొట్టించలేదు, పలకకు రంధ్రం చేసి కింది ఇనుప చట్రానికి బోల్టులతో బిగించాడు. "పలకను నమ్మి బండి కట్టుడంటే పంచెను నమ్మి బాయిల దిగుడే" అనేవాడు. మూసిన డబ్బాలో పెట్రోలు ఆవిరి నిలవకుండా గోడలకు కిందా పైనా గాలి రంధ్రాలు పెట్టించాడు. వెనక తలుపు కిందికి వాలితే అదే బండ్లు ఎక్కే దారి. బరువైన బండి ముందు ఎక్కాలి. బరువు వెనక పడితే ట్రాలీ తోక ఊపుతుంది, తోక ఊపితే జీపు డ్రైవరు మాట వినదు.

తాడు రంగును కొరుకుతుందని మంచాలకు అల్లే నవారుతో కట్టేవాడు. తర్వాత్తర్వాత నైలాను బెల్టులు వచ్చినా ముట్టుకోలేదు. నైలాను తడిస్తే సాగుతుంది, నవారు తడిస్తే బిగుస్తుంది. కట్టు హ్యాండిల్ కింద, ఫోర్కుల దగ్గర పడాలి. బిగించినప్పుడు ముందు షాకప్‌ల స్ప్రింగులు సగం దిగాలి. "మొత్తం దిగితే నడుమిరుగుతది. దిగకుంటే ఎగుర్తది. బండిని కట్టేసుడు కాదు, కూసోవెట్టాలె" అనేవాడు.

మొదటి లోడు నేనే కట్టాను. మామ లోపలికొచ్చి సీటు పట్టుకుని ఊపాడు.

"బండిని ఊపితే ట్రాలీ ఊగాలె. బండి ఒక్కతే ఊగితే అది కట్టు కాదు, పూలదండ" అన్నాడు. నా కట్టు విప్పేశాడు. "అల్లుడా, ఇట్రా" అన్నాడు. నన్నే అనుకుని, పక్కనే ఉండి కూడా ఒక అడుగు ముందుకేశాను. పిలిచింది వెల్డరును.

అతను కట్టాడు. మామ ఊపితే ట్రాలీతో పాటు జీపు కూడా కదిలింది.

"ఇగ సంగతి ఇది" అన్నాడు మామ. "ఇయ్యాల్టి సంది అల్లుడు కడ్తడు. పేపరాయన చూస్తడు. కట్టినోడు చూడొద్దు. కట్టినోని కంటికి కట్టు ఎప్పుడూ మంచిగనే అవుపడ్తది."

నాకు పని రాదు కాబట్టి ఊరికే ఉండకుండా ఏదో ఒకటి అప్పజెప్పాడని అనుకున్నాను.

పేపరు ఆఫీసులో వార్తల కవరు ఇవ్వడానికి నేను సోమవారాలు నిజామాబాద్ వెళ్లేవాణ్ని. మామ లోడు కూడా సోమవారమే. జీపులో ముందు సీటు వెల్డరుది. నేను వెనక పానాల పెట్టె పక్కన. మామ లారీ నడిపిన రోజుల్లో నేర్చుకున్న మరాఠీలో వాళ్లిద్దరూ మాట్లాడుకుని నవ్వేవారు.

"ఏం నవ్వుతున్నరు?" అని ఒకసారి అడిగాను.

"నీ గురించి కాదులే పేపరాయనా" అన్నాడు మామ. అన్నాక ఇద్దరూ ఇంకా గట్టిగా నవ్వారు.

లోడుతో తిరిగొచ్చేటప్పుడు కట్లు చూసుకోవడానికి వర్నిలో జీపు ఆగేది. తలుపు దించితే నేను లోపలికెళ్లి నవారును వేలితో మీటేవాణ్ని, కడియాలు కదిపేవాణ్ని, ఒక్కో బండినీ ఊపేవాణ్ని. ఒకసారి కుడి వైపు నవారు ఒక బండి ఫుట్‌రెస్టు అంచుకు ఒరుసుకుని సగం తెగి ఉంది. బయటికి వినిపించేలా అరిచాను.

"మామా! ఇగో, చూడు నీ అల్లుని కట్టు!"

మామ వంగి చూశాడు. వెల్డరు ముఖం మాడిపోయింది.

"నవారుకు కండ్లున్నయా అన్నా? అదే పోయి ఒరుసుకున్నది."

"నీకున్నయి గదా!"

ఆ ఒక్కసారే అతన్ని 'నువ్వు' అన్నాను. మామూలుగా 'మీరు' అనేవాణ్ని. గౌరవంతో కాదు.

"పేపరాయనకు ఎంత కుషీ అయితుందో చూడు" అన్నాడు మామ. "ఇయ్యాల అన్నం తినకున్నా నడుస్తది ఈయనకు."

తర్వాత చాయ్ తాగాం. మొదటి గ్లాసు మామ వెల్డరుకు ఇచ్చాడు. తప్పు పట్టింది నేను, చాయ్ అందింది అతనికి. ఆ చాయ్‌ని నేను మరచిపోలేదు.

ఊరు చేరి బండి దించాక మామ భుజం మీది తువ్వాలుతో టాంకు తుడిచేవాడు. తాళం కొన్నవాడి చేతికి ఇచ్చేవాడు కాదు. ఆ ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషిని పిలిచి ఆమె చేతిలో పెట్టేవాడు. జుక్కల్‌లో ఒక అవ్వ తాళం అందుకుని కొంగున ముడేసుకుంది. మనవడు ఆమె చుట్టూ తిరిగాడు.

"అవ్వా, తాళమియ్యవే. జెర బజార్ల దాంక పోయొస్త."

"ముందుగాల బువ్వ తిను."

"తిన్ననే!"

"నేను సూడలే."

ఇదేం పద్ధతి అని దారిలో అడిగాను. "వాడు పడితే ఏడ్సేది గామెనే" అన్నాడు మామ. "తాళం ఎవ్వలు ఇచ్చిన్రో యాదికుంటే పిల్లగాడు జెర మెల్లగ పోతడు."

అన్నేళ్లలో ఆ డబ్బాలో ఒక్క బండి కూడా ఒరగలేదు. ఒక్క టాంకు మీదా గీత పడలేదు. ఇది ఎవరో చెప్పిన కబురు కాదు, నేను కళ్లతో చూసింది. తర్వాత బాన్సువాడలోనే షోరూములు వచ్చాయి. డబ్బాకు పని తగ్గి, ఎక్కడైనా చెడిపోయిన బండిని తేవడానికి మాత్రమే కదిలేది. ఈమధ్య ఇంటి వెనక నిలబడి ఉంది. అత్త కోళ్లు అందులో గుడ్లు పెడుతున్నాయి. మామ తన సొంత బండిని మాత్రం ఎన్నడూ దాంట్లో ఎక్కించలేదు. "నా బండికి కాళ్లున్నయి" అనేవాడు.

శుక్రవారం అత్త మా ఇద్దర్నీ పిలిచింది.

"ఆయన బండిని ఇంకోడు నడుపుకుంట వస్తే నేను చూడలేను బిడ్డా. డబ్బాల తెండ్రి" అంది.

దవాఖాన వాళ్లు ఇచ్చిన మామ చొక్కా జేబులోంచి స్టాండు టోకెను తీసి వెల్డరు చేతిలో పెట్టింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. తలకొరివి పెట్టిన చేతికి ఆ అట్టముక్క రాలేదు.

శనివారం ఇద్దరం డబ్బా కడిగాం. కోళ్లను తోలి, గడ్డి తీసి, కడియాలకు నూనె రాశాం. అతను కొత్త నవారు తెచ్చాడు. పని అయ్యాక నేను అన్నాను:

"మీరు కట్టండి. నేను చూస్తా. ఎప్పటిలాగనే."

అతను నవారు చుట్ట కింద పెట్టాడు.

"అన్నా, ఒక్క మాట అడుగుత, కోపం చేయకు. మామ నిన్నే ఎందుకు చూడుమన్నడో ఎర్కనా?"

"నాకు కట్టుడు రాదని."

"గది గాదు. నేనొక్కపారి అడిగిన. మామా, అన్నకు కట్టుడు నేర్పిస్త, ఒక్కపారి నేను చూస్త అని. వద్దన్నడు. 'నువ్వు నా మొఖం చూసి మంచిగుందంటవ్. పేపరాయన నీ మీద కుళ్లుతోని చూస్తడు. తప్పు ఎక్కడ దొరుకుతదా అని కడియం కడియం ఎత్తి చూస్తడు. గసుంటి కన్ను కొందామన్నా దొరకది' అన్నడు."

అతను ఆగలేదు.

"నీకు తప్పు దొరకొద్దని ఎంత గట్టిగ కట్టేటోన్నో నీకేమెర్క? నువ్వు లోపల నవారు మీటుతుంటే బయట నా పాణం పోయేది. మామ నా దిక్కు చూసేటోడే గాదు, నీ దిక్కే. నువ్వు 'ఊ' అంటెనే జీపు కదిలేది. అల్లుడా అని పిలుసుడు నన్నాయె, నమ్ముడు నిన్నాయె. నాకుండదా అన్నా కుళ్లు?"

ఒక్క మనిషి చెప్పిన మాటతో వార్త రాయకూడదు. చేతులు కడుక్కుని వంటింట్లోకి వెళ్లి అత్తను అడిగాను.

"అన్నడు బిడ్డా, మస్తుసార్లు అన్నడు" అంది అత్త. "నీకు చెప్తే కుళ్లు పోతదని చెప్పద్దన్నడు."

మామ లెక్క అక్కడ తప్పింది. తెలిశాక కూడా నా కుళ్లు పోలేదు. తిరిగి వచ్చేసరికి నా కన్ను ముందుగా వెల్డరు జేబు మీదికే వెళ్లింది. టోకెను అందులోనే ఉంది. అతను అది గమనించి నవ్వాడు.

"అన్నా, ఈపారి నువ్వు కట్టు. నేను చూస్త. నాకూ కుళ్లు తక్వేం లేదు."

తన బండినే డబ్బాలోకి ఎక్కించి నాకు నేర్పాడు. మొదటి కట్టుకు బండి ఒక్కతే ఊగింది. "పూలదండ" అన్నాడు. విప్పి మళ్లీ కట్టాను. మళ్లీ పూలదండే. ఆ తర్వాతి కట్టుకు అతను సీటు పట్టి ఊపితే ట్రాలీ మొత్తం కదిలింది. సందు చూసి మళ్లీ లోపల చేరిన కోడి ఒకటి అరుస్తూ బయటికి దూకింది.

రేపు, సోమవారం పొద్దున ఏడింటికి జీపు మామ ఇంటి ముందు నుంచి బయల్దేరుతుంది. నేను నడుపుతాను. ముందు సీటు ఎప్పటిలాగే అతనిది. నిజామాబాద్‌లో అతను టోకెను ఇస్తాడు. నేను మామ బండిని నెట్టుకుంటూ డబ్బాలోకి ఎక్కించి, మొదటి గూట్లో చక్రం పెట్టి, షాకప్‌లు సగం దిగేదాకా బిగించి కడతాను. తాళం సాయంత్రానికి అత్త చేతికి చేరాలి. దారిలో వర్నిలో ఆగుతాం. తలుపు దించుతాం. నేను కిందే నిలబడతాను, లోపలికి అతను వెళ్తాడు. అతను 'ఊ' అనేదాకా జీపు కదలదు.