ప్రమాణం చేసిన మూడోనాడు

“ఈగలే అనుకున్నా పాపా మొదట. పాలల్లో ముంచిన గుడ్డ మింద ఈగలు వాలకుండా యాడికి పోతాయి? మా ఇంట్లో అదేమన్నా కొత్తా?”

మునిరామయ్య కలం పక్కన పెట్టి, ముందు పరిచిన గుడ్డను అరచేత్తో సవరించాడు. శ్రీకాళహస్తిలో ముప్పై ఏళ్లుగా కలంకారీ వేస్తున్న చెయ్యి అది. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డల వాసన ఆ వసారాను ఎప్పుడూ వదలదు. మేనకోడలు కోమలి గడప పక్కనే కూర్చుంది. వచ్చే సోమవారం ఆమె భర్త ధనశేఖర్ కాణిపాకం వినాయకుడి ఎదుట తాగుడు మానతానని ప్రమాణం చేయబోతున్నాడు. మేనమామ పక్కనుండాలని పిలవడానికి చిత్తూరు నుంచి మొదటి బస్సుకే వచ్చింది. వస్తాననీ రాననీ అనకుండా ఆయన, రెండేళ్ల కిందటి తన ప్రమాణం సంగతి ఎత్తుకున్నాడు.

“ఈగలు కావా మామా?”

“తోలినా పోలా. గుడ్డ మడిచి పెట్టేసినా నా చేతుల మింద పాకతానే ఉండాయి. అది ప్రమాణం చేసిన రెండోనాడు. మూడోనాడు నేను గీసిన నెమలి మెడ తిప్పి నన్నే సూసింది.”

“నెమలి సూసిందంట!” వంటింట్లోంచి ఆయన భార్య ఆదిలక్ష్మమ్మ అందుకుంది. “ఈయప్ప చెమట్లు కారతా, వణకతా, గోడలతో మాట్లాడతా ఉంటే నాకెట్లుండిందో అడిగినోళ్లు లేరు.”

“నువ్వేమన్నావో అది చెప్పు ముందు.”

“ఏమన్నా? దొంగగా తాగినావు, సామి తన మహిమ సూపిస్తుండాడు అన్నా. వీధంతా అదే అనింది.”

కోమలి తల వంచుకుంది. కాణిపాకంలో చేసిన ప్రమాణం తప్పితే దేవుడు ఊరుకోడని చిన్నప్పటి నుంచీ విన్నదే. భర్తను ఆ భయంతోనే ఒప్పించింది.

“సుక్క తాగలా పాపా,” మునిరామయ్య గొంతు తగ్గింది. “అయితే అందరూ అదే అంటా ఉంటే నా బుర్రలో కూడా అదే పుట్టింది. సీసా మూత తిప్పినట్టు, గొంతు మండినట్టు, అన్నీ కండ్లకు కట్టినట్టు కనపడినాయి. తాగినానని ఒప్పేసుకున్నా. చేయని తప్పుకు ఎక్కిఎక్కి ఏడిసినా. సామికి తప్పు చెప్పుకోవాలని నన్ను కాణిపాకానికి బయల్దేరదీసినారు. బస్టాండులో ఫిట్సొచ్చి పడిపోయినా.”

ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. చివరిసారి ఎప్పుడు తాగాడని డాక్టరమ్మ అడిగితే, నిన్ననే అని ఆదిలక్ష్మమ్మ చెప్పింది. ఆయనే ఒప్పుకున్నాడు కదా.

“ఆయమ్మ నన్ను సూసి, ఏమనింది తెలుసునా? ‘తాగింటే ఇట్లయ్యేది కాదమ్మా. మానినందుకే ఇట్లయింది’ అనింది. ఏండ్ల తరబడి మందుకు మరిగిన మెదడంట. ఉన్నట్టుండి ఆపేస్తే అదుపు తప్పుతుందంట. పానాలు పోయినోళ్లు కూడా ఉండారంట. ఆసుపత్రిలో పెట్టుకొని, సూదులేసి మాన్పించాలంట. తొమ్మిది రోజులు పెట్టుకున్నారు నన్ను.”

కోమలి గడప పక్క నుంచి లేచి నిలబడింది.

“మామా... సోమవారం దాకా నిష్ఠగా ఉంటానని ఆయన మొన్నటి నుంచే ముట్టలేదు.”

మునిరామయ్య గుడ్డను పక్కకు నెట్టాడు. “పొద్దున ఎట్లుండాడు?”

కోమలి చెప్పింది. పొద్దున ధనశేఖర్ చేతిలో టీ గ్లాసు గడగడలాడి సగం చొక్కా మీద ఒలికింది. చలికేమో అనుకుంది. బయల్దేరేటప్పుడు గోడ మీది చీమలు దులిపి పొమ్మన్నాడు. వచ్చినాక దులుపుతాలే అనేసి బస్సుకు పరిగెత్తింది.

“గోడ మీద చీమల్లేవు మామా.”

“ఇంట్లో ఎవురుండారు?”

“మా అత్తగారు.”

“ఫోన్ చెయ్. ఇప్పుడే ఆటో పిలిచి ఆసుపత్రికి తోలుకోని పొమ్మను. ఒంటిగా విడవద్దను.”

కోమలి నంబరు నొక్కింది. అత్తగారు ఎత్తేసరికి రెండుసార్లు మోగింది. చెప్పాల్సింది అత్తకు చెప్పి కోమలి చెప్పులేసుకుంది. మునిరామయ్య వీధిదాకా వెంట వచ్చాడు.

“ఎంత తాగేవాడో, మానేసి ఎన్నాళ్లాయనో డాక్టరు కాడ ఏమీ దాయొద్దు. కాణిపాకం యాడికీ పోదు. అల్లుడు లేసి తిరిగినాక నేనే వచ్చి పక్కన నిలబడతా. ఇంగొక్కటి పాపా. ఆ భ్రమలో అల్లుడు తాగినానని ఒప్పుకున్నా సరే, నువ్వు నమ్మొద్దు. ‘నువ్వు తాగలా, నాకు తెలుసు’ అని చెవి కాడ చెప్పు. నాకు ఆ మాట ఎవురూ చెప్పలా. పో, బస్సు పోతాది.”