ఇంకా తియ్యలే బిడ్డా

మా తమ్ముడు సుధాకర్ గురించి చొప్పదండిలో ఎవరినడిగినా మంచోడనే చెబుతారు. నన్నడిగితే మంచోడే కానీ మొండోడు అంటాను. వాడి ఫొటో స్టూడియో, నేను జాకెట్లు కుట్టే దుకాణం ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాయి. గోడకు మధ్యలో ఒక తలుపు. అక్కడ వాడు తుమ్మితే ఇక్కడ నాకు వినిపిస్తుంది.

చిన్నప్పుడు వాడు మహా సిగ్గరి. బాపు పవర్‌లూమ్ నడిపేవాడు. ఇంట్లో అంత చప్పుడుంటే వీడికి గొంతే పెగిలేది కాదు. బడిలో తీసిన ఏడో తరగతి ఫొటోలో పొడుగు పిల్లాడి వెనక నక్కాడు. ఒక్క చెవి మాత్రం పడింది. "చెవి ఒక్కదానికే పైసలు కట్టిన్నా ఏందిరా?" అని బాపు నవ్వితే ఇంటిల్లిపాదీ నవ్వాం, వాడు తప్ప. అలాంటివాడు కరీంనగర్ పోయి ఫొటోల పని నేర్చుకుని వచ్చి ఇక్కడ బోర్డు పెడితే నేను ముక్కున వేలేసుకున్నాను.

కానీ ఆ సిగ్గే వాడికి అన్నం పెట్టింది. పదో తరగతి, ఇంటర్ పిల్లలు ఫొటో అనగానే బిగుసుకుపోతారు. మొటిమలని ఒకరికి, సరిగా రాని మీసాలని ఇంకొకరికి, అందరికీ ఏదో ఒక పరేషాన్. మా తమ్ముడు ముందుగా వెంట వచ్చిన పెద్దవాళ్ళను నా దుకాణంలోకి తోలేవాడు. "అవ్వలు లోపట ఉంటే పిల్లల మెడలు బిగుస్తయక్కా" అనేవాడు. వాడి పుణ్యమా అని ఊళ్ళో సగం మంది తల్లులకు నేను చాయ పోశాను! అద్దం, దువ్వెన, పౌడరు ఒక తెర వెనక పెట్టేవాడు, ఎవరూ చూడకుండా సవరించుకోవడానికి.

ఆ తర్వాత పిల్లల చేతికి ఒక తెల్ల అట్ట ఇచ్చేవాడు. "జెర పట్టుకో బిడ్డా, నాకు సాయం జెయ్యి. ఇంకా తియ్యలే, లైటు సూస్తున్న" అనేవాడు. పొద్దున ఏం కూర తిన్నారని అడిగేవాడు. తన చెవి ఫొటో కథ చెప్పేవాడు. ఇంకా తియ్యలేదు కదా అని పిల్లలు భుజాలు వదిలేసి, మామూలుగా కూర్చుని నవ్వేవారు. వాడు మాత్రం కెమెరాకు చప్పుడు రాకుండా పెట్టుకుని తీస్తూనే ఉండేవాడు. "ఐపోయింది, లే" అనగానే, "అగో! ఎప్పుడు తీసినవ్ కాకా?" అని నోరు తెరిచేవారు.

అబద్ధమే, కాదనను. కానీ ఫొటో చేతికొచ్చాక ఏ పిల్లా తిట్టలేదు, నవ్యశ్రీ వచ్చేదాకా.

నవ్యశ్రీ మా వాడకట్టులో బీడీలు చుట్టే దేవవ్వ మనవరాలు. పిల్లకు పైన పన్ను మీద పన్ను. మాట్లాడితే కుడిచెయ్యి నోటికి అడ్డం వచ్చేస్తుంది. నేను కొలతలు తీసుకునేటప్పుడు కూడా ఆ చెయ్యి దించేది కాదు. "ఆ చెయ్యి మూతికి కుట్టుకున్నవా ఏందే?" అని ఆటపట్టించేదాన్ని. పదో తరగతి పరీక్షల ఫొటో కోసం దేవవ్వ పిల్లను తోలుకొచ్చింది.

లోపలికి పోకముందే తలుపు దగ్గర నిలబడి అడిగింది నవ్యశ్రీ. "కాకా, నోరు మూసుకునే దిగుత. నా పండ్లు కనవడొద్దు."

"నీ ఇష్టం బిడ్డా. నువ్వెట్ల అంటె అట్లనే" అన్నాడు వాడు. నా చెవులతో విన్నాను.

కాసేపటికి గోడ అవతల నుంచి గలగలా నవ్వు వినిపించింది. దేవవ్వ చాయ గ్లాసు కింద పెట్టింది. "పద్మా, గది మా పిల్లేనా నవ్వేది?" అంది. ముసల్దానికి కళ్ళనీళ్ళు తిరిగాయి. నాకూ గుండె నిండింది.

పరీక్షలకు నోరు మూసుకున్న ఫొటోనే ఇచ్చాడు. అంతటితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! ఆ నవ్వు ఫొటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, రోడ్డు మీదికి కనిపించే అద్దాల షోకేసులో పెట్టాడు. ఆ ఫొటోను ఏమని చెప్పను? చేతిలో అట్ట, వెనక్కి వాలిన తల, సగం మూసుకున్న కళ్ళు, పన్ను మీద పన్నుతో సహా నిండు నవ్వు. "నేను తీసినయన్నీ ఒక్క దిక్కు, గిదొక్కటి ఒక్క దిక్కు" అన్నాడు.

"పిల్లనడిగినవారా?" అన్నాను.

"అడుగుడేందక్కా! సూస్తె సంబురపడ్తది. ఎంత ముద్దుగుంటదో ఆ పిల్లకే తెల్వది."

"అడిగి పెట్టరా" అన్నాను. మొండోడు, వింటేనా?

సాయంత్రం బడి వదిలారు. షోకేసు ముందు మగపిల్లలు గుంపు కట్టారు. ఒకడు చూపుడువేలు పెదవి మీద పన్నులా వంకరగా పెట్టి ఇకిలిస్తున్నాడు. నేను కత్తెర పట్టుకునే బయటికి ఉరికాను. "మీ ఇండ్లల్ల అద్దాల్లేవారా? మీ మొకాలు సూసుకోన్రి పోయి!" అని తరిమాను. వాళ్ళు చెదిరిపోతే వెనక నవ్యశ్రీ నిలబడి ఉంది. నవ్విన నాపచేనే పండుతుందంటారు గానీ, పదిహేనేళ్ళ పిల్లకు ఆ సామెత ఏం పనికొస్తుంది?

ఏడవలేదు. నేరుగా స్టూడియోలోకి వచ్చింది.

"తియ్యలే అన్నవ్ గదా కాకా."

"మస్తుగున్నవ్ బిడ్డా, గందుకే నేను..."

"తియ్యలే అన్నవ్ గదా" అని మళ్ళీ అదే మాట అని వెళ్ళిపోయింది.

వాడు వెంటనే ఫ్రేము తీసేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? తెల్లారి దేవవ్వ వచ్చి గడప బయటే నిలబడింది. "కొడుకా, బడికి పోనని పండుకున్నది. ఆ దినం నా పిల్లను నవ్వించినవని నీకు మనసుల దండం పెట్టుకున్న" అంది. తిట్టినా బాగుండేది. వాడు వాళ్ళింటికి పోయి వాకిట్లో నిలబడి బతిమాలాడు. పిల్ల బయటికి రాలేదు. చివరికి పంతులమ్మలు వచ్చి నచ్చజెబితే పరీక్షలైతే రాసింది.

అప్పటి నుంచి మా తమ్ముడి నోట ఆ మాట రాలేదు. కెమెరాకు చప్పుడు పెట్టుకున్నాడు. "తీస్తున్న బిడ్డా" అని చెప్పి మరీ నొక్కుతాడు. పిల్లలు కట్టెల్లా కూర్చుంటారు, ఫొటోలూ అలాగే వస్తాయి. నాకు ఒళ్ళు మండి ఒకరోజు అరిచాను. "ఒక్క పిల్లతోని తప్పైందని అందరి నవ్వులు బంద్ జేస్తవారా? ఇంతమందికి మంచిగనే ఐంది గదా!"

"ఎవలూ నన్ను ముందుగాల అడగలే అక్కా" అన్నాడు వాడు, కెమెరా తుడుస్తూ. "ఆ పిల్ల అడిగింది. నేను సరే అన్న."

మా తమ్ముడు చెడ్డవాడై ఉంటే తిట్టి ఊరుకునేదాన్ని. అదే నా బాధ.

మొన్న నవ్యశ్రీ వచ్చింది. కరీంనగర్‌లో డిగ్రీలో చేరిందట, కాలేజీ కార్డుకు ఫొటో కావాలి. ఇంకెక్కడికీ పోకుండా ఇక్కడికే వచ్చినందుకు నాకెంత సంతోషమైందో! వాడు "తీస్తున్న బిడ్డా" అన్నాడు. కెమెరా చప్పుడైంది. నోరు గట్టిగా మూసుకుని, కళ్ళు సూటిగా పెట్టి దిగింది.

ఫొటోలు వచ్చేలోపు జాకెట్టు గుడ్డ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. వాళ్ళ నాయనమ్మ ఈ వయసులో బుట్ట చేతుల జాకెట్టు కుట్టమని నాతో కొట్లాడిన సంగతి చెప్పాను. "మా ముసల్దా? బుట్ట చేతులా అత్తా?" అని పగలబడి నవ్వింది. రెండు చేతుల్లోనూ గుడ్డ ఉంది. పన్ను మీద పన్ను తళుక్కుమంది. షోకేసులో పెట్టిన నవ్వే.

అప్పుడే మధ్య తలుపు తెరుచుకుంది. ఫొటోల కవరుతో మా తమ్ముడు నిలబడ్డాడు. గుడ్డ కింద పడింది. నవ్యశ్రీ కుడిచెయ్యి నోటి మీదికి వెళ్ళిపోయింది.

"కెమెరా లోపటనే ఉంది బిడ్డా" అని వాడు రెండు చేతులూ చాపి చూపించాడు.

"తెల్సు కాకా" అంది. ఎడమచేత్తోనే కవరు అందుకుంది. కుడిచెయ్యి మాత్రం దించలేదు.