వెండి రెక్కల్లో మనిషి

ఒంగోలులో నాకు ఫొటో స్టూడియో ఉండేది. తొంభైల చివర్లో, ఊళ్ళో ఒక గ్రానైటు వ్యాపారి ఏదో సంస్థానం వారసుల దగ్గర పాత విదేశీ కారు కొని తెచ్చుకున్నాడు. దాని ముక్కు మీద జానెడు కూడా లేని వెండి రంగు స్త్రీ బొమ్మ. ముందుకు వంగి, చేతులు వెనక్కి చాచి, ఒంటి మీది బట్ట రెక్కల్లా ఎగురుతుంటే దూకబోతూ ఆగినట్టుంటుంది. కారుకు ఫొటోలు తీయమని నన్ను పిలిచారు. నేను కారు సంగతి మరిచి బొమ్మనే చూస్తూ నిలబడ్డాను. పెళ్ళిళ్ళూ, పాస్‌పోర్టు సైజులూ తీసీ తీసీ విసుగెత్తి ఉన్నాను. ఆ బొమ్మకొక్కదానికే వరసగా ఫొటోలు తీసి గోడకు తగిలించాలనిపించింది.

"కారు వద్దా, బొమ్మ చాలా?" అని నవ్వాడాయన. కానీ ఒప్పుకున్నాడు.

దర్శి వైపు ఆయన పొలంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎకరం నేల ఎర్రగా మండుతోంది. కారును ఆ కల్లం నడుమ ఆపించాను. డ్రైవరు పాకలోకి పోయి పడుకున్నాడు. తాలుకాయలు ఏరే ఆడవాళ్ళు అన్నాలకు వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, గాలి లేదు. కెమెరాను బొమ్మకు మూరెడు దూరంలో స్టాండు మీద నిలిపి, పన్నెండు ఫొటోల నలుపు తెలుపు రీలు ఒకటి తీశాను. గంటకు పైగా పట్టింది. అంత ఘాటులోనూ నాకు ఒక్క తుమ్ము రాలేదు.

మర్నాడు స్టూడియో చీకటి గదిలో వాటిని పెద్దవిగా కడిగాను. ఎర్రటి కల్లం కాలిన నేలలా నల్లగా వచ్చింది. మొదటి ఫొటోలో, నున్నటి రెక్క వంపులో ప్రతిబింబాలుగా ఆకాశం, కెమెరా, దాని వెనక నేను. దూరంగా కల్లం అంచున నిలువుగా ఒక నలుసు. రెండో ఫొటోలో ఆ నలుసు కొంచెం పెద్దదైంది. నాలుగోదానికి మనిషి అని తెలిసింది, ఆరోదానికి ఆడమనిషి అని. పన్నెండింటినీ బల్ల మీద వరసగా పరిచాను. ఒక్కో ఫొటోకూ ఆమె దగ్గరికి వస్తోంది. చివరిదాంట్లో సరిగ్గా నా వెనకే ఉంది. తల మీద కొంగు, తెరిచిన నోరు, నా వైపు ఎత్తిన చెయ్యి.

ఆ మధ్యాహ్నం నా వెనక ఎవరూ లేరు. ఆ సంగతి నాకు నిశ్చయంగా తెలుసు.

ఫొటోలు పట్టుకుని కల్లానికి వెళ్ళాను. కూలీ ఆడవాళ్ళు చూసి, యాభై ఏళ్ళామెను ముందుకు తోశారు. "నువ్వేగదే!"

"నేనేనయ్యా," అందామె. "నాలుగుసార్లు పిలిచా. మీరు తిరగలా."

"నాకు వినపడలేదమ్మా."

"భుజం మీద చెయ్యి కూడా ఏశా."

నేను భుజం తడుముకున్నాను. "ఎందుకు పిలిచావు?"

"ఆ బొమ్మను ఏ సమాధి మీంచి తెచ్చారో అడుగుదామని. మా చర్చి ఎనకమాల దొరల సమాధుల మీద ఇట్టాంటి రెక్కల బొమ్మలున్నాయి. మా పిల్లదాన్ని పెట్టిన కాడ పక్కనే ఒకటుండేది. ఎవుడో ఎత్తుకుపోయాడు. అదేనేమో అనుకున్నా."

"ఇది కారుతో పాటు వచ్చిందమ్మా. కంపెనీలో పోతపోస్తారు."

ఆమె ఫొటోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "పోతపోసినా, ఎవరో ఒకరి మొహం చూసే చేసుంటారుగా? ఆ మనిషి ఇప్పుడు లేదేమో," అంది.

పన్నెండో ఫొటో ఆమెకే ఇచ్చేశాను. మిగతావి ఒంగోలులో ఒక హాల్లో ప్రదర్శనకు పెడితే అందరూ వెలుగును మెచ్చుకున్నారు. రెక్కల్లో దగ్గరికి వస్తున్న మనిషిని ఒక్కరూ చూడలేదు. వ్యాపారి కూడా వచ్చి, ముక్కు ఆనేంత దగ్గర నుంచి చూసి, "నా కారు అద్దంలా ఉందయ్యా," అని పొంగిపోయాడు.

రెండు మూడేళ్ళ తర్వాత అటువైపు పెళ్ళి ఫొటోలకు వెళ్ళి, ఆమెను వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళాను. ఫొటో గోడ మీద లేదు. అడిగితే చర్చి వెనక్కి తీసుకెళ్ళింది. చిన్న మట్టి దిబ్బ తల దగ్గర, ఫొటోను గాజు పలక కింద పెట్టి చుట్టూ సిమెంటు మెత్తించింది. చెమ్మ పట్టి నేనూ, కెమెరా పూర్తిగా చెరిగిపోయాం. రెక్క అంచు, ఎత్తిన చెయ్యి మిగిలాయి.

"పిల్లదానికి ఎవరో ఒకరు తోడుండాలిగా," అందామె.