పదకొండో నంబరు పాదాలు

తర్లుపాడులో బాలసుబ్రహ్మణ్యం చెప్పుల దుకాణం పెట్టి ముప్పయ్యేళ్లు దాటింది. ఏ నంబరు ఎన్ని జతలు పోతాయో ఆయనకు నోటికి వచ్చు. అమ్ముడుపోని సరుకు ఎన్నడూ తెప్పించలేదు.

ఒక వేసవిలో కొండయ్య అనే కంది రైతు వచ్చాడు. షుగరు వల్ల అతని పాదాలకు స్పర్శ పోయింది. ముల్లు దిగినా తెలియక పుండు పడితే ఒక వేలు తీసేశారు. ఇక మెత్తటి రబ్బరు చెప్పులే వేసుకోమన్నాడు డాక్టరు.

"పదకొండో నంబరు కావాల తమ్ముడూ. మార్కాపురమంతా తిరిగినా, దొరకలా."

కంపెనీకి ఫోన్ చేస్తే, ఒక నంబరులో పన్నెండు జతలకు తక్కువైతే పంపలేమన్నారు. బాలసుబ్రహ్మణ్యం కాగితం తీసుకున్నాడు. మనిషికి ఏడాదికి రెండు జతలు. రెండేళ్లు దాటితే ఆ రబ్బరు గట్టిపడుతుంది. ఆలోపు కొండయ్యకు పట్టేవి నాలుగే. అంత పాదం ఉన్నవాళ్లు ఇంకో ఇద్దరు కావాలి.

"మిగిలినవి అటక మీద పడుంటయిలే, తెప్పించు" అన్నది భార్య రామతులసమ్మ.

"గట్టిపడినాక ఎవరికీ పనికిరావు. ఎవరో ఇద్దరు ఇట్లనే తిరుగుతుంటారు. వాళ్లకు తెలియాల గదా."

వారం రోజులు బస్సెక్కేవాళ్ల పాదాలే చూశాడు. శనివారం మార్కాపురం పోయి, ఆసుపత్రిలో పుండ్లకు కట్టు కట్టే గది బయట కూర్చున్నాడు. సంగతి విని నర్సు కృపారాణి నవ్వింది.

"ఆటో నడిపే మోషే ఉన్నాడు బాబాయ్. ఇంకొకామె ఉంది గానీ, అడిగితే ఏమనుకుంటదో."

ఆమె పేరు వెంకటసుబ్బులమ్మ. పెద్ద పాదాలని చిన్నప్పుడు అందరూ నవ్వడంతో కుచ్చిళ్ల కింద దాచుకుని నడిచేది. వేసుకునేవి భర్త పాత చెప్పులు. ఆమె కట్టు కట్టించుకోవడానికి వచ్చినప్పుడు బాలసుబ్రహ్మణ్యం నేల మీద పేపరు పరిచి పెన్ను చేతికిచ్చాడు.

"పాదం చుట్టూ నువ్వే గీసుకో అక్కా" అని అటు తిరిగి కూర్చున్నాడు.

కొలిస్తే పదకొండే.

పెట్టె వచ్చిన రోజు కొండయ్య కొత్త చెప్పులతో దుకాణంలో ఆ గోడ నుంచి ఈ గోడకు నడిచాడు.

"ఎట్లున్నయి అన్నా?"

"నాకేం తెలుస్తది? నువ్వే చూడు."

బాలసుబ్రహ్మణ్యం నేల మీద కూర్చుని కొండయ్య పాదాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు. పట్టీ కింద వేలు పోనిచ్చి, మడమ అంచంతా తడిమి చూశాడు. వేలు తీసిన చోట కాస్త నొక్కుతున్నట్టు అనిపించి పట్టీని వదులు చేశాడు.

"ఇప్పుడు సరిపోయినయి."

కొండయ్య ఆ మాట నమ్మి ఇంటికి నడిచాడు. ఏడాదైనా మళ్లీ పుండు పడలేదు. ఆ పన్నెండూ అప్పటికే అయిపోయాయి. మధ్యలో కృపారాణి ఇంకో నలుగురిని పంపింది మరి.